గాలి చాటు నేరం

పేర్రాజు మాస్టారు జీవితంలో ఎవరి సొమ్మూ తినలేదు. అందరి టైమూ తిన్నారు. రాజమండ్రిలో ఆయన నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్ గడప మీద పొద్దుటి బ్యాచీ పిల్లలు కూర్చుని గాలిలోనే వేళ్ళు ఆడిస్తూ పాఠం వల్లెవేసుకుంటూ ఉండేవారు. మాస్టారు మాత్రం వీధి చివర బురదలో దిగబడ్డ లారీ దగ్గర నిలబడి, తోసేవాళ్ళకి సలహాలిస్తూ ఉండేవారు. కాలక్రమాన టైపు నేర్చుకునేవాళ్ళే కరువయ్యారు కాబట్టి ఎందుకు ఆలస్యమైందని అడిగే మనిషి ఆయనకి లోకంలో ఒక్కరే మిగిలారు. ఆవిడ పేరు మంగతాయారు, ఆయన భార్య.

ముప్ఫై అయిదేళ్ళు ఆవిడ అడుగుతూనే ఉంది. కంట్లో శుక్లం తీయించుకున్న రోజున మాత్రం అడగడం మానేసింది. ఆపరేషన్ అయ్యేసరికి వచ్చేస్తానన్న మాస్టారు, దారిలో ఎవరో కోతిని పట్టుకుంటుంటే చూస్తూ నిలబడిపోయారు. ఆసుపత్రికి పరుగెత్తేటప్పటికి మంగతాయారు ఒక కంటికి గంత కట్టుకుని, ఒక్కతే ఆటో మాట్లాడుకుని వెళ్ళిపోయింది. వెళ్ళింది ఇంటికి కాదు, ధవళేశ్వరంలో తమ్ముడు అబ్బులు ఇంటికి.

మాస్టారు బతిమాలడానికి వెళితే ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి ఒక్కటే మాట చెప్పింది.

"మీతో నాకు గొడవేం లేదండీ. ఈ ఆషాఢంలో వచ్చే ఆదివారాలన్నీ పొద్దున్న కాఫీ ఫిల్టరు దిగే వేళకి ఈ గుమ్మంలో ఉండండి. ఒక్కటి తప్పినా శ్రావణంలో నా కోసం రావద్దు."

"కొత్త పెళ్ళికూతురికే గదా బావా ఆషాఢం పుట్టింట్లో? మా అక్కకి ఇప్పుడొచ్చిందేంటి!" అని అబ్బులు నవ్వబోయి, అక్క మొహం చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

మాస్టారికి నవ్వు రాలేదు. ఇంట్లో గిన్నెలు కూడా ఆవిడ లేక మాట్లాడ్డం మానేసినట్టున్నాయి. ఎలాగైనా టైముకి వెళ్ళాలి. షేర్ ఆటో ఎక్కుదామంటే ఆదివారం పొద్దున్న అది నిండితేగానీ కదలదు. అందుకని పాత సైకిలుకి నూనె పెట్టించి గోదావరి గట్టు రోడ్డెక్కారు. ముందుగా బయల్దేరచ్చుగా అని మీరనచ్చు. ముందుగా బయల్దేరగలిగే మనిషే అయితే మంగతాయారు ధవళేశ్వరంలో ఎందుకుంటుంది?

మొదటి ఆదివారం గట్టెక్కగానే ఎదురుగాలి ఆయన్ని వెనక్కి నెట్టింది. ఆషాఢపు గాలి, ఆగే గాలి కాదు. నాలుగు తొక్కులు తొక్కితే రెండు తొక్కుల దూరం కదులుతోంది బండి. పని అయిపోయింది, శ్రావణం కూడా అయిపోయింది అనుకుంటుండగా వెనకనుంచి గలగలమంటూ వందమంది చిలకపచ్చ బనీన్లవాళ్ళు, నెత్తిన టోపీలతో, సన్నటి ఖరీదైన సైకిళ్ళ మీద ఆయన్ని దాటిపోయారు. మాస్టారు వాళ్ళ తోకలో పడ్డారు. పడగానే గాలి ఆగిపోయింది. నిజానికి ఆగలేదు, ముందున్న వంద వీపులూ కాచాయి. తొక్కీ తొక్కకుండానే సైకిలు సాగిపోతోంది. దారిలో అరుగుల మీద జనం చప్పట్లు కొట్టారు. ఎవరో పరుగున వచ్చి చేతిలో అరటిపండు పెట్టారు. మాస్టారు అది తిని, తొక్క జేబులో వేసుకుని, ధవళేశ్వరంలో వాళ్ళు వెనక్కి మళ్ళే చోట విడిపోయి సందులోకి తిరిగారు.

ఫిల్టరు అప్పుడే దిగుతోంది. మంగతాయారు ఆయన్ని చూసింది, గోడ గడియారాన్ని చూసింది. అది నడుస్తోందో లేదో దగ్గరికెళ్ళి చెవి పెట్టి మరీ విన్నది. కాఫీ ఇచ్చి, "పంచదార సరిపోయిందా?" అని అడిగింది. ఆవిడ ఆ మాట అడిగి ఎన్నేళ్ళయిందో మాస్టారికి గుర్తులేదు. సరిపోకపోయినా సరిపోయిందన్నారు.

రెండో ఆదివారమూ అలాగే జరిగింది. దాంతో మాస్టారు పట్టుబడ్డారు.

ఆ చిలకపచ్చవారి సంఘం పేరు ఉదయచక్ర సమితి. వారమంతా కార్లలో తిరిగేవాళ్ళు ఆదివారం సైకిలు తొక్కడానికి రుసుము కట్టి చేరే సంఘం అది. కట్టినవాళ్ళకి బనీను, అరటిపండు, చివర్లో ఒక పతకం ఇస్తారు. పోటీ ఏమీ లేదు కాబట్టి పతకం అందరికీ వస్తుంది. ఆ వారం అధ్యక్షులవారికే అరటిపండు అందలేదు. అధ్యక్షులు సోమయాజులు గారు పెద్ద ఇంజనీరుగా రిటైరైనవారు. ఆకలికి ఆగగలరుగానీ అన్యాయానికి ఆగలేరు. అప్పటికప్పుడు నైతిక వ్యవహారాల ఉపసంఘం ఏర్పడింది. దానికి సంచాలకులు కమలాకరం గారు, లా కాలేజీలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఆయన విశ్రాంతి వల్ల ఊరికి విశ్రాంతి లేకుండా పోయింది.

విచారణకి మాస్టారిని పిలిచారు. ఆయన అలవాటు ప్రకారం ఆలస్యంగానే వెళ్ళారు.

"పేర్రాజు గారూ, తమరు గత రెండు ఆదివారములుగా సమితివారి సామూహిక చక్రచలనమునందు రుసుము చెల్లింపక పాల్గొన్నట్లు ఉపసంఘం దృష్టికి వచ్చింది. తమ సంజాయిషీ?" అన్నారు కమలాకరం గారు.

"పాల్గోలేదండీ. నా మానాన నేను ధవళేశ్వరం వెళ్తున్నానండీ. మీరే దారిలో తగిలారు."

"దారి సర్కారుది. వివాదం లేదు. గాలి ఎవరిది?"

"దేవుడిదండీ."

"గాలి దేవుడిదే. గాలి లేకపోవడం మాది. మా సభ్యులు వీపులొడ్డి ఆ లేకపోవడాన్ని ఉత్పత్తి చేశారు. దానిని తమరు వినియోగించుకున్నారు. అవునా, కాదా?"

మాస్టారు ఆలోచనలో పడ్డారు. ఆయన నిజాయితీపరుడు, అదే వచ్చిన చిక్కు. వీపుల చాటున హాయిగా సాగిపోయిన మాట నిజమే కదా! "అవునండీ. చాలా హాయిగా ఉంది" అన్నారు.

"హాయిని అంగీకరించారు" అని కమలాకరం గారు సభవైపు తిరిగి ప్రకటించారు. సభ ఖంగుతింది.

"తప్పేనండీ. అరటిపండు కూడా తిన్నాను. ఎంతో చెప్పండి, కట్టేస్తాను. ఇకమీదట కూడా కట్టి వస్తాను."

సోమయాజులు గారు ముందుకి వంగారు. "తమరు ధవళేశ్వరం దేనికి వెళ్తున్నారు?"

"మా ఆవిడ ఉందండీ అక్కడ."

"అయితే చేర్చుకోవడానికి వీల్లేదు. మా రైడు ఎక్కడికి వెళ్తుంది?"

"ధవళేశ్వరమేగదండీ."

"వెళ్ళి తిరిగొస్తుంది. అనగా ఎక్కడికీ వెళ్ళదు. అదే క్రీడాస్ఫూర్తి. తమరు ఒకచోటికి వెళ్తున్నారు. అక్కడ తమకి పని ఉంది, కాఫీ ఉంది. అది క్రీడ కాదు, ప్రయాణం. పనిమీద పోయేవాళ్ళని చేర్చుకుంటే రేపు పాలవాడు చేరతాడు, ఎల్లుండి పోస్టుమాను చేరతాడు. రైడు ఎక్కడికో వెళ్ళడం మొదలవుతుంది."

"మరి కట్టకుండా వెళ్ళనా అండీ?"

"అది అనైతికం."

"మానేస్తే మా ఆవిడ ఇంక ఇంటికి రాదండీ!"

"అది కుటుంబ వ్యవహారం. ఉపసంఘం పరిధిలోకి రాదు" అని కమలాకరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బాగా ఆలోచించి, మానవతా దృక్పథంతో ఒక వెసులుబాటు మాత్రం ఇచ్చారు. మాస్టారు గట్టు మీద వెళ్ళవచ్చు, అయితే సభ్యుల వెనక ఉండరాదు.

వెనక ఉండద్దన్నారని మూడో ఆదివారం మాస్టారు ముందున్నారు. వాళ్ళు రేవు దగ్గర జట్టుగా నిలబడి ఫోటోలు తీయించుకుంటుంటే సందు చూసుకుని గట్టెక్కేశారు. కాసేపటికి చిలకపచ్చ దండు వెనకనుంచి అందుకుంది. మాస్టారిది విశాలమైన వీపు. టైపు మిషన్ల ముందు అన్నేళ్ళు కూర్చుని పెంచిన వీపు. సోమయాజులు గారు ఎగరొప్పుతూ వచ్చి ఆ వీపు వెనక పడ్డారు. పడగానే ఆయన మొహంలో ప్రశాంతత వచ్చింది. "ఆహా" అన్నారు.

ఆ "ఆహా" కమలాకరం గారి చెవిన పడింది. ఈల ఊదారు. రైడు ఆగింది. సభ్యేతరుడి గాలిచాటుని సాక్షాత్తూ అధ్యక్షులే రుసుము లేకుండా వాడుకుంటున్నారు! ఇప్పుడు సమితే మాస్టారికి బాకీ పడుతుందా? గట్టు పక్కన రెల్లుగడ్డిలో నిలబడి అత్యవసర సమావేశం జరిపారు. సభ్యేతరుల వీపు సమితికి నిషిద్ధమని తీర్మానించారు. ఆ తర్వాత వందమందీ మాస్టారి నీడ తగలకుండా పక్కకి జరిగి, ఎదురుగాలిని మొహాన కొట్టించుకుంటూ, ఆత్మాభిమానంతో రొప్పుతూ సాగారు. మాస్టారు ఒక్కరే గాలిని చీల్చుకుంటూ వెళ్ళి, ఫిల్టరులో ఆఖరి చుక్కలు పడుతుండగా గుమ్మంలో కూలబడ్డారు. మంగతాయారు కాఫీతోపాటు విసనకర్ర కూడా తెచ్చింది.

నీతి అనేది గజ్జి లాంటిది. ఒకచోట గోకడం మొదలెడితే ఒళ్ళంతా పాకుతుంది. కమలాకరం గారికి ఇప్పుడు గట్టు పొడుగునా లబ్ధిదారులే కనిపించసాగారు. పాల క్యాన్లవాళ్ళు, కడియం నుంచి పూలు తెచ్చేవాళ్ళు రైడు మధ్యలో పడి హాయిగా పోతున్నారు. అరుగుల మీది ముసలివాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. చప్పట్లు కొడుతున్నారంటే చూసి ఉత్సాహపడుతున్నారన్న మాటే. ఆ ఉత్సాహానికి మూల్యం ఎవరిచ్చారు? సమితిలో సభ్యుడైన ఒక పెద్దాఫీసరు, ఊరి ఆరోగ్యం దృష్ట్యా, వెంటనే ఉత్తర్వు జారీచేశారు. ఆదివారం పొద్దున్న గట్టు మీద ఉండే సభ్యేతరులందరూ మెడలో ఒక అట్ట వేలాడదీసుకోవాలి. అట్ట మీద ఇలా ఉంటుంది: "ఈ ప్రయాణమున నాకెట్టి ఆనందమూ లేదు."

జనం పెద్దగా గొడవ చెయ్యలేదు. ఊరికే ఇచ్చే వస్తువంటే మనవాళ్ళకి మొహమాటం లేదు. పాలవాళ్ళు అట్టని క్యాను మీద ఎండకి మూతపెట్టుకున్నారు. మొక్కజొన్న పొత్తులు కాల్చే చిట్టెమ్మ దాంతో నిప్పులు విసురుకుంది. "మెడలో వేసుకోవమ్మా" అని ఒక కార్యకర్త గదమాయిస్తే, "నాకేం ఆనందం లేదండి బాబూ! ఆ ముక్క అట్ట మీద సదవాలా, నా మొకం సూత్తే తెల్డంలేదా?" అంది. ఆ మాటతో ఉపసంఘానికి కొత్త ఆలోచన వచ్చింది. అట్ట ఒక్కటే చాలదు, మొహాలూ చూడాలి. మలుపు మలుపునా ముఖ పరిశీలకుల్ని నిలబెట్టారు.

నాలుగో ఆదివారం మాస్టారు మొదటి మలుపులోనే దొరికిపోయారు. ఆయన మెడలో అట్ట ఉంది. మొహం నిండా నవ్వుంది.

"మాస్టారూ, అట్టకీ మొహానికీ పొంతన లేదు. ఏదో ఒకటి సవరించుకోండి."

"నేను మీ రైడుకి నవ్వట్లేదు బాబూ. మా ఆవిడ దగ్గరికి వెళ్తున్నానని నవ్వొస్తోంది."

"కారణాలు మేం చూడమండీ. పళ్ళు కనబడుతున్నాయా లేదా అంతవరకే మా డ్యూటీ."

మాస్టారు పళ్ళు దాచారు. రెండో మలుపులో మళ్ళీ బయటపడ్డాయి. ఆపి హెచ్చరించారు. మూడోసారి దొరికితే వెనక్కి పంపేస్తామన్నారు. ఫిల్టరు అక్కడ దిగిపోతూ ఉంటుంది! మాస్టారు ఇంక లాభం లేదని పుచ్చిన పన్ను పీకించుకున్న రోజు తలుచుకున్నారు. కోతి రోజు తలుచుకున్నారు. ఆసుపత్రి గుమ్మంలో ఖాళీ బెంచీని తలుచుకున్నారు. మొహం కాకరకాయ నమిలినట్టు తయారైంది. పరిశీలకులు మెచ్చుకుని దారి వదిలారు. అదే మొహంతో, అదే అట్టతో, వేళ తప్పకుండా గుమ్మం ముందు దిగారు.

మంగతాయారు కాఫీ గ్లాసుతో ఎదురొచ్చి ఆగిపోయింది. అట్ట చదివింది. తల ఎత్తి మొహం చదివింది. గ్లాసు కిటికీలో పెట్టేసింది.

"అయ్యో, ఇది నాది కాదే! సైకిలు సంఘంవాళ్ళు రాసిచ్చారు. గాలి వాళ్ళదటా, అంటే గాలి కాదు, గాలి లేకపోవడం..." అని మాస్టారు మొదలుపెట్టారు. చెబుతుంటే ఆయనకే అర్థమైంది. ముప్ఫై అయిదేళ్ళలో చెప్పిన సాకులన్నీ దీనికంటే నమ్మేటట్టున్నాయి.

"నమ్మాన్లెండి" అంది మంగతాయారు మెల్లగా. "ఎవరు రాస్తేనేం? మోసుకొచ్చింది మీరేగా. నా దగ్గరికొస్తూ ఈ అట్ట మెడలో వేసుకోవడానికి మీకు చేతులెలా వచ్చాయి? ఆ మొహం ఎలా వచ్చింది?"

మాస్టారు అట్టని మెడలోంచి తీసి వీపు వెనక దాచుకున్నారు.

"టైముకి రమ్మన్నాను, వచ్చారు. కాదనను. కానీ ఏడుపు మొహంతో టైముకొచ్చే మనిషికంటే, నవ్వుకుంటూ ఆలస్యంగా వచ్చే మనిషే నయమనిపిస్తోంది. వచ్చే ఆదివారం ఆఖరుది. సంతోషంగా రాగలిగితే రండి. లేదంటే ఈ ఆషాఢం నాకు అలవాటైపోయింది." అని తలుపు దగ్గరికి వేసింది. మాస్టారు కిటికీలోని కాఫీ తాగలేదు. ఆ వారమంతా ఆయనకి అన్నం సహించలేదు.

ఆఖరి ఆదివారం పొద్దున్న మాస్టారు అట్టని పొయ్యిలో పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరారు. ముందూ లేదు, వెనకా లేదు, సరాసరి రైడు నడిమధ్యలోకి దూరారు. నాలుగు వైపులా వీపులు, గాలి ఊసే లేదు. నవ్వు వచ్చింది. ఈసారి ఆపుకోలేదు. మొదట పెదాల మీద నవ్వారు. తర్వాత పళ్ళతో నవ్వారు. రెండో మలుపుకల్లా పెద్దగా, భుజాలు ఊగిపోయేటట్టు నవ్వడం మొదలెట్టారు. పక్కనున్న సభ్యులిద్దరికి కారణం తెలీకుండానే నవ్వొచ్చి, కమలాకరం గారు చూస్తున్నారని దగ్గు కింద మార్చుకున్నారు.

ఈలలు మోగాయి. "ఆపండి! ఆ మనిషి ఆనందిస్తున్నాడు!" అని కేకలు వేశారు పరిశీలకులు. మాస్టారు ఆగలేదు. పైగా వేగం పెంచారు. కమలాకరం గారు సైకిలు మీదే లేచి నిలబడి, "సభ్యులారా! అపరాధిని అనుసరించండి!" అని ఆజ్ఞాపించారు. సమితి పుట్టాక రైడు నిజంగా జోరందుకోవడం అదే మొదటిసారి. ధవళేశ్వరంలో వెనక్కి మళ్ళే చోట షామియానా కింద పతకాలు మెరుస్తున్నాయి. మాస్టారు వాటి పక్కనుంచి రివ్వున దూసుకుపోయి సందులోకి తిరిగారు. వంద సైకిళ్ళూ ఆయన వెనకే సందులోకి తిరిగాయి. కోళ్ళు అరుచుకుంటూ గోడలెక్కాయి. అబ్బులు పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి, వేపపుల్ల నోట్లో ఉండగానే లోపలికి పారిపోయాడు.

మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది. మాస్టారు సైకిలు దిగి, రొప్పుతూ నిలబడి ఉన్నారు. ఆయన వెనక సందు చివరిదాకా చిలకపచ్చ.

"ఎవరండీ మీరంతా?"

సోమయాజులు గారు చుట్టూ చూసి తెల్లబోయారు. "కమలాకరం గారూ, మనం ఎక్కడికో వచ్చేసినట్టున్నామే!" అన్నారు. సభ్యుల్లో కలవరం పుట్టింది. ఒకచోటికంటూ వచ్చాక అది క్రీడ అవుతుందా, ప్రయాణం అవుతుందా? కమలాకరం గారు ఆ విషయం తర్వాత చూద్దామన్నట్టు చెయ్యెత్తి, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, తమరు ఈయన భార్య అయినచో వినండి. తమ భర్త మీద తీవ్రమైన అభియోగం ఉంది. ఈయన దారి పొడుగునా ఆనందించారు."

మంగతాయారు ఆయన వంక వింతగా చూసింది. "ఏం చేశారూ?"

"ఆనందించారమ్మా! పుష్కరాల రేవు మొదలుకొని తమ గుమ్మం వరకు, నిరంతరాయంగా, పళ్ళు కనబడునట్లుగా. రెండవ మలుపు నుండి బిగ్గరగా. మూడుసార్లు హెచ్చరించినా మానలేదు. దీనికి వందమంది సాక్షులున్నారు."

"నిజంగా?"

"ప్రమాణపూర్వకంగా చెబుతాము. ఇంతటి ఆనందాన్ని సమితి మునుపెన్నడూ ఎదుర్కొనలేదు."

మంగతాయారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం దాచుకోలేకపోయింది. "ఇంకొక్కసారి చెప్పరూ" అంది. కమలాకరం గారు అభియోగాన్ని ఆద్యంతం మళ్ళీ చెప్పారు. ఇంత శ్రద్ధగా ఆయన పాఠం విన్నవాళ్ళు ఇదివరకు లేరు. మాస్టారు తల దించుకుని, నేరం ఒప్పుకున్నట్టు, చెవులదాకా నవ్వుతూ నిలబడ్డారు.

"ఫిల్టరు దిగిందా?" అన్నారు చివరికి.

"ఇవాళ పెట్టనేలేదండీ. సంచీ సర్దుకుంటూ కూర్చున్నాను" అంది మంగతాయారు. లోపలికెళ్ళి సంచీ తెచ్చి, అబ్బులుకి వెళ్ళొస్తానని చెప్పి, సైకిలు వెనక క్యారేజీ మీద ఒక పక్కకి కూర్చుంది. ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో ఆయన నడుం పట్టుకుంది. విశాలమైన ఆ వీపు వెనక ఆవిడకి గాలి కాదు కదా, ఎండ కూడా తగలదు.

సందులో దారి ఇచ్చి నిలబడ్డ సభ్యుల మధ్యనుంచి సైకిలు కదిలింది. కమలాకరం గారికి అప్పుడు తట్టింది. వెనకే పరుగెత్తారు.

"అమ్మా! అమ్మా! తమరు తొక్కకుండా, సంపూర్ణ గాలిచాటున, ఆనందిస్తూ ప్రయాణిస్తున్నారు. ఇది అన్నిటికన్నా పెద్ద ఉల్లంఘన! రుసుము..."

"నేను కట్టాల్సిందంతా ముప్ఫై అయిదేళ్ళ బట్టీ కడుతూనే ఉన్నాను బాబూ" అంది మంగతాయారు వెనక్కి తిరక్కుండానే. "మీరు వెళ్ళి పతకాలు తెచ్చుకోండి."

గట్టెక్కాక గాలి వెనకనుంచి తోస్తోంది. వెనక ఎవరో తరుముతున్నట్టు మాస్టారు గబగబా తొక్కబోయారు. మంగతాయారు ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"తొందరేముందండీ? మెల్లగా పోనివ్వండి."